వాగ్దానం లేని వచనం

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, పన్నెండు దాటి గంట మోగిన తరువాత, గుంటూరులోని మా సంఘంలో వాగ్దాన కార్డులను ఒక స్టీలు పళ్ళెంలో బోర్లించి పెడతారు. వరుసలో వెళ్ళి ఒక్కొక్కరూ ఒక్కో కార్డు తీసుకుంటారు. ఏ వచనం వస్తే అది ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అని భావించి, ఇంటికి తీసుకెళ్ళి బీరువా తలుపుకో, దేవుని వాక్యం చదువుకునే బల్ల పైనున్న గోడకో అంటించుకుంటారు. కొన్నేళ్ళ క్రితం మా మేనత్తకు 27వ కీర్తన 4వ వచనం వచ్చింది. "యెహోవాయొద్ద ఒక్క వరము అడిగితిని దానిని నేను వెదకుచున్నాను. యెహోవా ప్రసన్నతను చూచుటకును ఆయన ఆలయములో ధ్యానించుటకును నా జీవితకాలమంతయు నేను యెహోవా మందిరములో నివసింప గోరుచున్నాను." అత్త దాన్ని రెండుసార్లు చదివింది, వెనక్కి తిప్పి చూసింది, తిన్నగా అయ్యగారి దగ్గరకు వెళ్ళి, "ఇందులో వాగ్దానం ఏమీ లేదండీ అయ్యగారూ, ఇంకొకటి తీసుకోనా?" అని అడిగింది. ఆయన నవ్వి పళ్ళెం ముందుకు జరిపారు. రెండోసారి ఆమెకు ద్వితీయోపదేశకాండంలోని మాట వచ్చింది: నిన్ను తలగా ఉంచుతాను గాని తోకగా ఉంచను అన్నది. దాన్ని కళ్ళకద్దుకుని, మొదటి కార్డు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

అత్త ఆ వచనాన్ని తప్పుగా చదవలేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. నిజంగానే అందులో వాగ్దానం లేదు. అది ఒక మనిషి చేసుకున్న మనవి, అతను అడిగింది కూడా వింతగానే ఉంది. ఆ కీర్తనలో అంతకు ముందు వచనంలోనే శత్రువుల దండు అతని మీదికి దిగి ఉంది. అటువంటి సమయంలో ఎవరైనా కత్తిని గానీ కోటను గానీ పారిపోయే దారిని గానీ అడుగుతారు. ఇతను మాత్రం, ఒక్క వరమే అడగడానికి వీలున్నప్పుడు, చూడనివ్వమని అడిగాడు.

మన సంఘాల్లో దేవుణ్ణి గురించి రెండు రకాలుగా చెప్పడం చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆయన ఇచ్చేవాడు, కాబట్టి అడగాలి. ఆయన శిక్షించేవాడు, కాబట్టి భయపడాలి. రెండూ లేఖనాల్లో ఉన్నవే, వాటిని నేను కాదనను. కాని ఆయన చూడదగినవాడని, ఆయనను చూడడం వల్ల మరేదో దొరుకుతుందని కాక ఆ చూడడమే చాలునని చెప్పే బోధ మనకు దాదాపు లేదు. ఎక్కడైనా ఉంటే పాటల్లో ఉంది. మన పాత కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. దేవుని సొగసును గూర్చిన మాటలన్నీ ఆ రాగాల కిందనే బతుకుతున్నాయి. పాట అయిపోయి ప్రసంగం మొదలైతే ఆ మాటలు ఆగిపోతాయి. దేవుడు సుందరుడన్నది భక్తి పొంగినప్పుడు అనుకునే ముచ్చట మాత్రమే కాదని, దేవుడు ఎవరు అన్న సిద్ధాంతంలోనే దానికి చోటుండాలని నా వాదన.

ఆ చోటు మన విశ్వాస ప్రమాణాల్లో పైకి కనబడదని ముందే ఒప్పుకోవాలి. లూథరన్లమైన మనం అంగీకరించిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం మొదటి అధికరణంలో, దేవుడు నిత్యుడు, శరీరం లేనివాడు, భాగాలు లేనివాడు, అపారమైన శక్తి, జ్ఞానం, మంచితనం గలవాడు అని ఉంది. ప్రెస్బిటేరియన్ల వెస్ట్‌మినిస్టర్ లఘు ప్రశ్నోత్తరి 1647 నాటిది. అందులో నాల్గవ ప్రశ్నకు జవాబుగా దేవుడు ఆత్మ అని, తన ఉనికి, జ్ఞానం, శక్తి, పరిశుద్ధత, న్యాయం, మంచితనం, సత్యం అన్నింటిలోనూ అనంతుడు, నిత్యుడు, మార్పులేనివాడు అని చెబుతారు. ఎంతో జాగ్రత్తగా, ఒక్కో మాటనూ తూచి రాసిన జాబితాలివి. రెండింటిలోనూ సౌందర్యం అన్న మాట లేదు. కన్ఫర్మేషన్ క్లాసులో, అంటే పిల్లలను సంఘ విశ్వాసంలో స్థిరపరచే తరగతిలో, ఇటువంటి జాబితాలను పిల్లల చేత బట్టీ పట్టించే పని కొన్నేళ్ళుగా నాదే గనుక, ఆ లోటు నాకు కొంచెం దగ్గరగానే తెలుసు.

అయితే ఆగ్స్‌బర్గ్ జాబితాలో మనం గబగబా చదివేసి దాటిపోయే మాట ఒకటి ఉంది: "భాగాలు లేనివాడు". మనుషుల్లో గుణాలు వేరువేరుగా ఉంటాయి. ఒకాయనకు తెలివి ఉంటుంది, జాలి ఉండదు. ఇంకొకాయనకు జాలి ఉంటుంది, దాన్ని చేతల్లో పెట్టే సత్తువ ఉండదు. ఉన్న గుణం కూడా రేపు పోవచ్చు. దేవునిలో అలా కుదరదని ప్రాచీన సంఘ బిషప్పు అగస్టీను మొదలుకొని సంఘ పండితులు చెబుతూ వచ్చారు. ఆయనకు జ్ఞానం ఉండడమూ, ఆయన ఉండడమూ రెండు సంగతులు కావు. ఆయన ప్రేమ కలిగి ఉండడం లేదు, ఆయనే ప్రేమ. పదమూడవ శతాబ్దంలో థామస్ అక్వినాస్ దేవుణ్ణి గూర్చిన తన చర్చలో, దేవుడున్నాడని చూపిన వెంటనే ఈ విషయమే ఎత్తుకున్నాడు. దీన్ని ఒప్పుకున్నాక సౌందర్యాన్ని గుమ్మం బయట నిలబెట్టడం కష్టం. "బలసౌందర్యములు ఆయన పరిశుద్ధస్థలములో ఉన్నవి" అని 96వ కీర్తన రెండు మాటలను కలిపి ఒకే మాటగా అంటుంది. ఆయన బలం ఆయనే అయితే, దానికి జంటగా చెప్పిన సౌందర్యం మాత్రం ఆయన తొడుక్కుని విడిచే అంగీ ఎలా అవుతుంది? వెస్ట్‌మినిస్టర్ జాబితాలో ఎనిమిదో గుణంగా దాన్ని చేర్చమని నేను అడగడం లేదు. జాబితాలో ఉన్న ప్రతి గుణమూ మనిషి కంటికి ఆనినప్పుడు ఎలా ఉంటుందో ఆ మాట చెబుతుంది. పరిశుద్ధత సుందరంగా లేకపోతే అది పరిశుద్ధత కాదు, పెద్దరికం చలాయించడం; న్యాయం సుందరంగా లేకపోతే అది లెక్క తీర్చుకోవడం.

ఇక్కడ మన తెలుగు బైబిలు చేసిన మేలు గురించి కొంత చెప్పుకోవాలి. 27వ కీర్తనలో హీబ్రూ మాట "నోఅమ్". ఇంపు, మనోహరత్వం, ఎదుటివాడికి హాయి కలిగించే గుణం అని దాని భావం. మన అనువాదకులు అక్కడ "సౌందర్యం" అని రాయగలిగి కూడా "ప్రసన్నత" అని రాశారు. ఇది ఎంత మంచి ఎంపికో నాకు చాలాకాలం తెలియలేదు. సంస్కృతంలో ప్రసన్నమైన నీరు అంటే తేరిన నీరు. వరదల రోజుల్లో విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి చూస్తే కృష్ణ ఎర్రగా, మట్టి కలుపుకుని, తన లోపల ఏముందో చూపకుండా పోతూ ఉంటుంది. అవే నీళ్ళను బిందెలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే తెల్లవారేసరికి మట్టి అడుగుకు దిగి, బిందె అడుగున ఉన్న సొట్ట కూడా కనబడుతుంది. ప్రసన్నత అంటే అది. లోపల ఒకటీ పైకి ఒకటీ లేకుండా, అడుగు దాకా కనబడేటంత తేటదనం. ఆ తేటదనంలో మన వైపు తిరిగిన ముఖం. "ప్రసాదం" అన్న మాట కూడా అదే ధాతువు నుంచి వచ్చింది. గుడి ప్రసాదం ముట్టుకోవచ్చా కూడదా అని తరాల తరబడి తగవులాడుకున్న మనం, దేవుని సౌందర్యానికి మాత్రం దాని తోబుట్టువైన మాటనే వాడుకుంటున్నాం. నాకిందులో ఇబ్బంది ఏమీ కనబడదు, పైగా సంతోషం.

సౌందర్యం అంటే కేవలం చూపు సంగతే అయితే, దేవునికి శరీరం లేదు గనుక చర్చ అక్కడితో ముగిసేది. ప్రసన్నత అన్నప్పుడు అది ముగియదు. ప్రసన్నత ఒకరి పట్ల ఉంటుంది, ఒకరి వైపు తిరుగుతుంది. తనలో తాను మూసుకుని ఉండే అందం మనుషుల్లో చూస్తుంటాం. దేవునిది అటువంటిది కాదు. అక్వినాస్ సౌందర్యానికి మూడు లక్షణాలు చెప్పాడు: కొరత లేకపోవడం, పొందిక, వెలుగు. వాటిని ముఖ్యంగా కుమారునికి, అంటే క్రీస్తుకు, చెందినవిగా వివరించాడు, ఎందుకంటే కుమారుడు తండ్రికి కొరతలేని, పొందికైన ప్రతిరూపం, ఆయనను వెల్లడించే వాక్యం. త్రిత్వాన్ని లెక్కల చిక్కుగా బోధించి వదిలేసే మన అలవాటుకు ఇక్కడ మంచి మందు ఉంది. దేవుడు ఒంటరిగా కూర్చున్న ప్రభువైతే ఆయనను గొప్పవాడనవచ్చు, సుందరుడనడం కష్టం. ఒకరిలో ఒకరు ఆనందించే ముగ్గురి ఐక్యత అయితే, లోకం పుట్టకముందు కూడా, చూసే మనిషి ఒక్కడూ లేనప్పుడు కూడా, అక్కడ సౌందర్యం ఉంది.

ఈ మాటను చరిత్రలో అందరూ ఒకేలా మోయలేదు. అగస్టీను తన ఆత్మకథ పదవ భాగంలో, "ఇంత ప్రాచీనమూ ఇంత నూతనమూ అయిన సౌందర్యమా, నిన్ను ఆలస్యంగా ప్రేమించాను" అని దేవుణ్ణే సౌందర్యం అని సంబోధించాడు. ఆయన సుందరుడనలేదు, సౌందర్యమా అన్నాడు. పైన చెప్పిన భాగాలు లేని దేవుడి సంగతి ఇక్కడ ప్రార్థనగా మారింది. దియొనూసి పేరుతో రాసిన ఒక తూర్పు రచయిత, గ్రీకులో సౌందర్యానికీ పిలవడానికీ ఉన్న మాటలు దగ్గరగా ఉండడం చూసి, దేవుడు అన్నింటినీ తన దగ్గరకు పిలుచుకుంటాడు గనుక సౌందర్యం అనిపించుకున్నాడని రాశాడు. భాషాశాస్త్రం లెక్కలో అది నిలవకపోవచ్చు గాని, ఆ ఆలోచన నిలుస్తుంది.

అమెరికాలో జొనాథన్ ఎడ్వర్డ్స్ (1703–1758) అనే వేదాంతి అందరికంటే ముందుకు వెళ్ళాడు. దేవుణ్ణి మిగతా సమస్తం నుంచి వేరుచేసి పైకెత్తేది ముఖ్యంగా ఆయన దివ్య సౌందర్యమేనని రాశాడు. 1734లో అచ్చయిన ఒక ప్రసంగంలో ఆయన చెప్పిన తేనె ఉపమానం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది: తేనె తియ్యగా ఉంటుందని తెలిసి ఉండడం వేరు, ఆ తీపి నాలుకకు తగలడం వేరు. దేవుడు పరిశుద్ధుడని ఒప్పుకోవడం మొదటిది, ఆ పరిశుద్ధత మనసుకు ఇంపుగా తోచడం రెండవది. రెండవది లేనివాడికి విశ్వాసం ఇంకా కలగలేదని ఆయన ఉద్దేశం. ఇంత చెప్పినవాడు బానిసలను కొన్నాడు, ఇంట్లో ఉంచుకున్నాడు. దీన్ని అడుగున చిన్న అక్షరాల్లో పెట్టి దాటిపోవడం నాకు ఇష్టం లేదు. సౌందర్యాన్ని గురించి అంత రాసిన కన్ను తన గడపలో నిలబడిన మనిషిని చూడలేకపోయిందంటే, ఆ సిద్ధాంతం అబద్ధమని నేననను. సిద్ధాంతం తెలిసినంత మాత్రాన చూపు రాదన్న ఆయన తేనె ఉపమానమే ఆయన మీద తీర్పు అయిందంటాను.

ఇరవయ్యవ శతాబ్దంలో స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో ఇద్దరు ఈ మాటను మళ్ళీ ఎత్తుకున్నారు. ఒకరు ప్రొటెస్టెంటు కార్ల్ బార్త్, ఒకరు క్యాథలిక్కు హాన్స్ ఉర్స్ ఫాన్ బల్తజార్. ఇద్దరూ ఒకరినొకరు ఎరిగినవాళ్ళు, ఇద్దరికీ మోట్సార్ట్ సంగీతమంటే ప్రాణం. తన సిద్ధాంత గ్రంథంలో 1940లో వెలువడిన సంపుటంలో బార్త్ దేవుని మహిమను వివరిస్తూ సౌందర్యం దగ్గరకు వచ్చేసరికి అడుగు తీసి అడుగు వేశాడు. దాన్ని ముఖ్య సూత్రం చేయకూడదని హెచ్చరించాడు. అయినా మహిమ అంటే మనల్ని లొంగదీసే బలం మాత్రమే అనుకుంటే సరిపోదనీ, అది మనల్ని ఆకర్షిస్తుందనీ, ఆనందింపజేస్తుందనీ, అది చెప్పడానికి ఈ మాట కావాలనీ ఒప్పుకున్నాడు. బల్తజార్ 1961 నుంచి వెలువరించిన పెద్ద రచనను సౌందర్యంతోనే మొదలుపెట్టాడు. దాన్ని వదిలేస్తే మంచితనం తన ఆకర్షణను, సత్యం తన ఒప్పించే శక్తిని పోగొట్టుకుంటాయన్నది ఆయన భయం. అందులో ఆయన చేసిన ఒక హెచ్చరిక మన ఊళ్ళకు బాగా వర్తిస్తుంది: దేవుని ప్రత్యక్షతలోంచి సౌందర్యం అంటే ఏమిటో నేర్చుకోవడం ఒకటి, మనకు ముందే అందమనిపించిన వాటిని తెచ్చి దేవునికి అలంకరించడం మరొకటి. పొగ యంత్రాలు, రంగు దీపాలు, నిలువెత్తు ఎల్‌ఈడీ తెరలు, దారి పొడవునా వక్తగారి ముఖంతో ఫ్లెక్సీలు పెట్టే మహాసభలు ఈ రెండవ కోవలోకి వస్తాయి. వాటి గురించి ఇంతకంటే రాయను.

క్యాథలిక్కుల పట్ల అసూయ ఒకటి నాకు లేకపోలేదు. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల తిరునాళ్ళకు ఒక మిత్రుడితో కలిసి కొండెక్కాను. మెట్ల పొడవునా కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, గుండు చేయించుకున్న పిల్లలు, అన్ని మతాలవాళ్ళూ. సిద్ధాంతపరంగా నాకు ఒప్పుకోలేనివి అక్కడ చాలా ఉన్నాయి. కాని అక్కడికి వచ్చినవాళ్ళు చూడడానికి వచ్చారు. మా ఆరాధనకు మేము వినడానికి వెళతాం. వినడం గొప్పదే, విశ్వాసం వినుట వలన కలుగుతుందని పౌలు అన్నాడు. కాని అదే పౌలు దేవుని మహిమను గూర్చిన జ్ఞానం యేసుక్రీస్తు ముఖంలో వెలిగిందని కూడా అన్నాడు. ముఖాన్ని వినలేం కదా.

నేను ఆమోదించే అభ్యంతరాలు లేకపోలేదు. మొట్టమొదటిది లేఖనాల్లోనే ఉంది. ఏదెనులో తినవద్దన్న పండు కాసిన వృక్షం "కన్నులకు అందమైనదియు" అయి ఉంది. అబ్షాలోము అంతటి అందగాడు ఇశ్రాయేలులో లేడు, తండ్రి మీదనే తిరగబడ్డాడు. సమూయేలుతో యెహోవా, మనుష్యులు పైరూపమును లక్ష్యపెడతారు, తాను హృదయమును లక్ష్యపెడతాను అన్నాడు. మా చిన్నప్పుడు, ఊరు పేరు వద్దు, ఒక చిన్న సంఘంలో ప్రసంగించడానికి వచ్చిన పెద్దమనిషి, వెనక వరుసలో కూర్చున్న మా అమ్మ జడలోని మల్లెపూలను చూసి, ప్రసంగం ఆపి, పూలు పెట్టుకొచ్చినవాళ్ళు ఎవరికి కనబడాలని వచ్చారో ఆలోచించుకోవాలని అన్నాడు. అమ్మ అక్కడే పూలు తీసి కొంగులో ముడివేసుకుంది. ఆ మనిషి భయం నాకు కొంత అర్థమవుతుంది. అందం మోసం చేయగలదు. కాని మోసం చేయగలదన్నందుకు దాన్ని దేవుని దగ్గర నుంచి తరిమేస్తే అది ఎక్కడికి పోతుంది? సినిమా వాల్‌పోస్టర్ల దగ్గరకూ, రంగు తెల్లబరిచే క్రీముల దగ్గరకూ పోతుంది. మల్లెపూలను తీయించిన ఆ సంఘం గోడ మీదనే, గోధుమ రంగు జుట్టు, తెల్లటి మేనిఛాయ గల యేసు బొమ్మ క్యాలెండరు వేలాడుతూ ఉంది. అందాన్ని వద్దన్నవాళ్ళకు కూడా అందాన్ని గూర్చి ఒక సిద్ధాంతం ఉండనే ఉంటుంది, అది ఎవరిదన్నదే ప్రశ్న.

ఆ బొమ్మకు లేఖనం ఇచ్చే జవాబు కఠినమైనది. "అతనికి సురూపమైనను సొగసైనను లేదు" అంటుంది యెషయా 53వ అధ్యాయం. "నరులకంటె నీవు అతిసుందరుడవై యున్నావు" అంటుంది 45వ కీర్తన. సంఘం రెండింటినీ క్రీస్తు గురించే చదివింది. రెండవ శతాబ్దంలో సెల్సస్ అనే విమర్శకుడు దీన్నే పట్టుకుని, దేవుని ఆత్మ నిజంగా ఒక శరీరంలో ఉంటే ఆ శరీరం అందంలో అందరినీ మించి ఉండాలి కదా, మీవాడు పొట్టిగా, అనాకారిగా ఉన్నాడని మీరే చెబుతున్నారే అని వెక్కిరించాడు. మూడవ శతాబ్దంలో సంఘ పండితుడు ఒరిగెను జవాబు రాస్తూ 45వ కీర్తనను, కొండ మీద శిష్యుల ఎదుట ప్రభువు రూపాంతరం పొందడాన్ని ముందుకు తెచ్చాడు. అగస్టీను ఇంకా లోతుకు వెళ్ళాడు. పరలోకంలో సుందరుడు, తల్లి గర్భంలో సుందరుడు, సిలువ మీద సుందరుడు, సమాధిలో సుందరుడు అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఆయన వికృతరూపమే మనకు పోయిన రూపాన్ని తిరిగి ఇచ్చిందని మరో ప్రసంగంలో అన్నాడు.

సిలువ మీది మనిషి అందంగా ఉన్నాడని చెప్పడం కళ్ళున్నవాళ్ళెవరికీ కుదరదు. ఆ చెక్కా మేకులూ రక్తమూ అందం కావు, వాటిని అందంగా చిత్రించడం నాకు రోతగా ఉంటుంది. అక్కడ సౌందర్యం ఏదైనా ఉంటే, తనను కొడుతున్నవాళ్ళ వైపు నుంచి కూడా తిప్పుకోని ఆ ముఖంలో ఉంది. ప్రసన్నత అని కీర్తనకారుడు అన్నది అడుగు దాకా కనబడేది అక్కడే. 1518లో హైడెల్‌బర్గ్ వాదప్రతిపాదనల్లో లూథరు, దేవుని ప్రేమ తనకు ఇష్టమైనదాన్ని వెతికి పట్టుకోదు, దాన్ని సృష్టిస్తుంది అన్నాడు. దాన్ని వివరిస్తూ, పాపులు ప్రేమింపబడుతున్నారు గనుక సుందరులే గాని, సుందరులు గనుక ప్రేమింపబడుతున్నవారు కారని రాశాడు.

తెలుగులో దీనికి ఒక మాట సిద్ధంగా ఉంది. "చక్కదనం" అంటే అందం. "చక్కగా" అంటే సరిగా. "చక్కబెట్టడం" అంటే చెదిరినదాన్ని తిరిగి కుదురుకు తేవడం. ఒకే వేరు నుంచి మూడూ మొలిచాయి. యోహాను సువార్తలో "మంచి కాపరి" అన్నచోట గ్రీకు మాట "కలోస్"; మంచి, అందమైన అన్న రెండర్థాలూ దానిలో ఉన్నాయి. "చక్కని కాపరి" అని ఉంటే రెండూ ఒకేసారి వినబడేవి కదా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. దేవుని చక్కదనం చక్కబెట్టే చక్కదనం. అందమైనవాటిని ఏరుకోవడం దాని పని కాదు.

దీని వల్లనే తీర్పు గురించిన అభ్యంతరానికి కూడా కొంత జవాబు దొరుకుతుంది. దేవునిలో భాగాలు లేకపోతే ఆయన కోపం కూడా సుందరమేనా అని మా తరగతిలో కాదు, నాలో నేనే ప్రశ్నించుకున్నాను. 96వ కీర్తనలో బలసౌందర్యాల మాట, పరిశుద్ధాలంకారాల మాట వచ్చాక, చివర ఆయన భూమికి తీర్పు తీర్చడానికి వస్తున్నాడని ఉంటుంది. ఆ సంగతి విని చెట్లు భయపడవు, ఉత్సాహధ్వని చేస్తాయి. వంకరపోయిన భూమిని చక్కబెట్టడానికి వచ్చే తీర్పు అది గనుకనే అలా చేస్తాయని చదువుకుంటాను. చివరి దాకా చక్కబడడానికి ఒప్పుకోనివాడి సంగతి ఏమిటన్నచోట నా వాదన ఆగిపోతుంది. అక్కడ ఆగిపోవడమే నిజాయితీ అనుకుంటాను.

ఇక, ఇదంతా కడుపు నిండినవాళ్ళ వేదాంతమనీ, ఆకలితో ఉన్నవాడికి సౌందర్యం ఎందుకనీ అనేవాళ్ళున్నారు. వాళ్ళకు మార్కు 14వ అధ్యాయం చూపిస్తాను. ఒక స్త్రీ మూడువందల దేనారములకంటె ఎక్కువ విలువ చేసే అత్తరును యేసు తల మీద పోస్తే, "ఈ అత్తరు ఈలాగు నష్టపరచనేల?", బీదలకు ఇవ్వవచ్చు కదా అని పక్కవాళ్ళు సణిగారు. ఆయన మాత్రం ఆమె చేసింది మంచి కార్యమన్నాడు. అక్కడ కూడా గ్రీకులో అదే "కలోస్" మాట.

కాని నాకు అంతకంటే దగ్గర జవాబు మా ఇంట్లోనే ఉంది. మాది మాలపల్లె నుంచి వచ్చిన కుటుంబం. లూథరన్ మిషనరీ హయ్యర్ దొర 1842లో గుంటూరుకు వచ్చాడు. మద్రాసు రాష్ట్రంలో అన్ని కులాల హిందువులకు ఆలయ ప్రవేశ హక్కు ఇచ్చిన చట్టం 1947లో వచ్చింది. ఆ నూరేళ్ళ పైచిలుకులో మావాళ్ళకు గుడి లోపలి మూర్తి ఎలా ఉంటుందో చూసే హక్కు లేదు. ఉత్సవం వీధిలోకి వస్తే దూరంగా తప్పుకోవాల్సినవాళ్ళు. అటువంటివాళ్ళ చేతికి ఒక పుస్తకం వచ్చి, అందులో ఒకడు "యెహోవా ప్రసన్నతను చూచుటకును ఆయన ఆలయములో ధ్యానించుటకును" అని అడిగి ఉంటే, అది విలాసమని వాళ్ళకు అనిపించి ఉంటుందా? వాళ్ళకు లేదన్నది సరిగ్గా అదే, చూడడం. మన పెద్దలు అన్నం కోసం మతం మారారని ఇప్పటికీ తేలిగ్గా అనేస్తుంటారు. అన్నం కూడా కారణమే, అందులో సిగ్గేమీ లేదు. కాని దాదాపు చదువురాని మా నాయనమ్మకు కంఠతా వచ్చిన కీర్తనలు రెండే, 27, 90. రెండింటిలోనూ అన్నం మాట లేదు.

90వ కీర్తన చివర, "మా దేవుడైన యెహోవా ప్రసన్నత మా మీద నుండును గాక" అని ఉంటుంది. హీబ్రూలో మళ్ళీ అదే "నోఅమ్", తెలుగులో మళ్ళీ అదే ప్రసన్నత. దాని వెంటనే "మా చేతిపనిని మాకు స్థిరపరచుము" అని వస్తుంది. నాయనమ్మ చేతిపని మిరపకాయల తొడిమలు తీయడం. వేసవి పొడుగునా కల్లాల్లోనూ, కోల్డు స్టోరేజీల దగ్గరా కూర్చుని, గుట్టల కొద్దీ కాయల నుంచి తొడిమలు ఒలిచేది. సాయంత్రానికి వేళ్ళ సందుల్లో మంట. మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చునేది, పిల్లలమైన మమ్మల్ని ఆ చేతులతో ముట్టుకునేది కాదు, కళ్ళు మండుతాయని. ఏళ్ళ మీద బొటనవేలి చర్మం బిరుసెక్కి, గోళ్ళ అంచులు ఎర్రగా మారి, ఆ ఎరుపు ఎంత కడిగినా పోకుండా నిలిచిపోయింది. ఆదివారం మాత్రం గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, ఆ చేతులను ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని ప్రార్థనలో కూర్చునేది.

పునరుత్థానమైన ప్రభువు దేహంలో గాయాలు అలాగే ఉన్నాయని యోహాను రాశాడు. తోమాకు చూపింది వాటినే. దాన్ని బట్టి అగస్టీను తన పెద్ద గ్రంథం చివరి భాగంలో, విశ్వాసం కోసం చంపబడిన హతసాక్షుల దేహాల మీది మచ్చలు కూడా పరలోకంలో ఉంటాయేమోననీ, ఉంటే అవి వికారంగా కనబడక సొగసుగా వెలుగుతాయనీ రాశాడు. ఆయన మాట హతసాక్షుల గురించే. తొడిమలు తీసినవాళ్ళ సంగతి అందులో లేదు.

నాయనమ్మ పోయినప్పుడు, పెట్టెలో పడుకోబెట్టి చీర సర్దాక, ఎవరో ఆనవాయితీ ప్రకారం తెల్ల గ్లౌజులు తెచ్చారు. నాన్న వాటిని తీసుకుని జేబులో పెట్టుకున్నారు. చేతులు అలాగే ఉండనివ్వమన్నారు. అత్త నాకిచ్చిన కార్డు ఆ రోజు నా బైబిలులోనే ఉంది. దాన్ని తీసి ఆ ఎర్రటి వేళ్ళ కింద పెట్టాను.